మొద్దు మునగాలంటే

ఎండిన టేకు కర్రలో సగానికి పైగా గాలే ఉంటుంది, అమ్మలూ. చింత అంతకంటే దట్టమైన కర్ర. మాంసం కొట్లో నరకడానికి వాడే మొద్దు చింతదే. అయినా అందులోనూ మూడోవంతుకు పైగా గాలే. మన తోటగట్టు కోసుకుపోయి పడిన చింతచెట్టు వేరుముక్కని నువ్వు బకెట్లో వేస్తే తేలింది కదా, కారణం ఆ గాలి. వేరు మాత్రం వంకర్లు తిరిగి చాలా అందంగా ఉంది. దాన్ని ఆక్వేరియంలో పెట్టాలన్న నీ ఆలోచన మంచిదే. ఏటిలో చేపలు ఎక్కువగా మసిలేది పడిపోయిన చెట్ల కొమ్మల సందుల్లోనే. దాక్కోవడానికి చోటు, గీరుకుని తినడానికి నాచు, గుడ్లు పెట్టుకోవడానికి మరుగు అన్నీ అక్కడే దొరుకుతాయి వాటికి.

కాకపోతే తొందరపడకు. ఈ పనిలో జనం భయపడేది ఒకదానికి, భయపడాల్సింది ఇంకోదానికి. తొట్టిలో నీళ్ళు గోధుమరంగుకి తిరగ్గానే హడలిపోయి మొద్దుని బయట పారేస్తారు. రంగూ వాసనా లేకుండా కరిగిపోయే ఉప్పునీ, కొన్ని చెట్ల పాలనీ, పురుగుమందునీ మాత్రం పట్టించుకోరు. నేను చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

ముందు అడగాల్సిన ప్రశ్న: ఈ కర్ర ఏ చెట్టుది? ఇది మన చింతచెట్టుదని మనకి తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని కర్రని అందంగా ఉందని తెచ్చి చేపల మధ్య పెట్టకూడదు. భీమవరం వైపు చేపల రైతులు చేపపిల్లల్ని వదిలేముందు చెరువులో ఉన్న పిచ్చిచేపల్ని చంపడానికి ఏం వేస్తారో తెలుసా? ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క. మీటరు లోతు నీళ్ళున్న హెక్టారు చెరువుకి సుమారు 2,500 కిలోలు. అందులో ఉండే సాపోనిన్ అనే పదార్థం చేప మొప్పల ద్వారా రక్తంలోకి దిగి ఎర్రకణాల్ని పగలగొడుతుంది. రొయ్యల చెరువుల్లో ఇదే పనికి టీ గింజల చెక్క వాడతారు. అందులో ఉన్నదీ సాపోనినే. చేపని చంపే మోతాదు రొయ్యకి అంత హాని చెయ్యదు కాబట్టి అక్కడ అది పనికొస్తుంది. మీ నాయనమ్మ తలంటుకి కొట్టే కుంకుడుకాయలో నురగ వచ్చేది కూడా సాపోనిన్ వల్లే. కాబట్టి కుంకుడు కర్ర వద్దు. గన్నేరు గుండెకి విషం, అది అసలే వద్దు. విరిస్తే పాలు కారే కాడజెముడు, జిల్లేడు, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే జీడిమామిడి, వీటిలో ఏదీ వద్దు. వేప పురుగుల్ని తరుముతుందని ధాన్యంలో ఆకు వేస్తాం. ఆ చేదుని చేపల తొట్టిలోకి తీసుకెళ్ళడం ఎందుకు? చింత, జామ, తుమ్మ, సపోటా కర్రలు బాగా ఎండినవైతే నమ్మకంగా వాడుకోవచ్చు. మామిడి కూడా పనికొస్తుంది గానీ త్వరగా మెత్తబడిపోతుంది.

ఎండినవి అన్నమాట గట్టిగా పట్టుకో. పచ్చికొమ్మ నరికి తెచ్చి వేస్తే అందులోని జీవరసంలో చక్కెరలు ఉంటాయి. అవి నీళ్ళలోకి దిగితే బాక్టీరియాకి విందు. అవి పెరుగుతూ నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ని వాడేసుకుంటాయి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడుతుంటాయి. బెరడు దానంతటదే ఊడివచ్చేంతగా ఎండితేనే కర్ర సిద్ధమైనట్టు. ఊడకుండా మిగిలిన బెరడుని కూడా గీకి తీసెయ్యి. కుళ్ళడం మొదలయ్యేది దాంట్లోనే.

రెండో ప్రశ్న: ఎక్కణ్ణుంచి వచ్చింది? గోదావరికి వరదొచ్చినప్పుడు దుంగలు కొట్టుకొస్తాయి, వాటికోసం పడవలు వేసుకుని వరదలోకి దిగేవాళ్ళని ఏటా చూస్తుంటాం. అది ప్రాణాలతో చెలగాటం. పైగా 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం నీళ్ళలో కొట్టుకొచ్చిన కలప, ఒడ్డుకి చేరిన కలప, ఎవరిదో రుజువయ్యేదాకా ప్రభుత్వానిదే. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడచెట్ల వేళ్ళు ఎంత అందంగా పడున్నా ముట్టుకోకూడదు. అక్కడ చచ్చిన కర్ర కూడా పీతలకీ చేపపిల్లలకీ ఇల్లే. శేషాచలం ఎర్రచందనం సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఎండినా నీళ్ళలో మునిగేంత బరువు, అనుమతి లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. సముద్రం ఒడ్డున పాత పడవ చెక్కలు దొరుకుతాయి, రంగులు పెచ్చులూడి భలే ఉంటాయి. వాటికి పూసిన తారు, అడుగుభాగానికి నాచు పట్టకుండా వేసే రాగి కలిసిన రంగులు నత్తల్నీ రొయ్యల్నీ చంపేస్తాయి. చెద పట్టకుండా మందెక్కించిన స్తంభాలూ అంతే. వాటిలో రాగితో పాటు ఆర్సెనిక్ కూడా ఉండొచ్చు. పురుగుమందు కొట్టే పొలం కాలవలో నెలల తరబడి నానిన కర్రని కూడా నేనైతే తేను. మరిగించినంత మాత్రాన ఇవేవీ పోవు.

ఇక కడగడం. గట్టి బ్రష్షుతో, ఒట్టి నీళ్ళతో. సబ్బు వద్దు, సర్ఫు వద్దు. కర్ర వాటిని లోపలికి పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. తొర్రలున్న వేరుని మొదట బయట నేలకేసి రెండు దెబ్బలు కొట్టు. తేళ్ళు, జెర్రులు, చీమల పుట్టలు లోపల కాపురం ఉంటాయి.

సముద్రపు కర్ర అయితే ఇంకో పని ఉంది. విశాఖ తీరంలో దొరికే దుంగల్ని చూడు, వేలు పట్టే బొరియలు ఒళ్ళంతా ఉంటాయి. అది పురుగు పని అనుకుంటారు. నిజానికి అది ఆల్చిప్పల కుటుంబానికి చెందిన జీవి, టెరీడో. తల దగ్గర ఉండే రెండు చిన్న చిప్పలతో కర్రని గీకుతూ లోపలికి దూసుకుపోతుంది. వెళ్ళిన దారి పొడుగునా సున్నపు పూత పూస్తుంది. లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం తవ్విన మార్క్ బ్రూనెల్, మట్టి కూలకుండా ఆపే తన కవచానికి ఊహ ఈ జీవి పనితనం చూసే వచ్చిందన్నాడు. ఆ సొరంగం పని 1825లో మొదలైంది. కలప పడవల్నీ రేవు స్తంభాల్నీ తినేసే ఇలాంటి జీవుల మీద పరిశోధన చెయ్యడానికి మన విశాఖపట్నంలోనే బెంగళూరు కలప విజ్ఞాన సంస్థ ఒక కేంద్రం నడిపింది. మన సంగతికొస్తే, ఆ బొరియల్లోని సున్నం తొట్టి నీళ్ళ కాఠిన్యాన్ని పెంచుతుంది. దానికి మించి కర్ర నిండా ఉప్పు ఉంటుంది.

ఉప్పు పోయిందో లేదో కంటికి కనబడదు. మన ఇంట్లో నీళ్ళ ఫిల్టరు పెట్టినప్పుడు కొన్న టిడిఎస్ మీటరు ఉందిగా, అది వాడు. మొదట కుళాయి నీళ్ళలో ముంచి అంకె రాసుకో. 300 ఉందనుకో. కర్ర నానేసిన తొట్టిలో మర్నాడు చూస్తే 420 ఉండొచ్చు. నీళ్ళు మార్చు. తర్వాత 370, ఆ తర్వాత 330. ఇలా దిగుతూ దిగుతూ కుళాయి నీళ్ళ అంకె దగ్గర నిలిచిపోయి, రెండు మూడు రోజులు నానినా పెరగకపోతే ఉప్పు పోయినట్టు.

ఎంతకాలం పడుతుంది అంటావా? 1855లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త దీనికి దారి చూపించాడు. కరిగిన పదార్థం ఎక్కువగా ఉన్న చోటునుంచి తక్కువగా ఉన్న చోటుకి ఎలా పాకుతుందో ఆయన సూత్రం చెబుతుంది. దాన్నుంచి తేలే లెక్క ఏమిటంటే, మందం రెండింతలైతే పట్టే కాలం రెండింతలు కాదు, నాలుగింతలు. బొటనవేలంత కొమ్మకి వారం చాలిందనుకో. దానికి నాలుగింతల మందమున్న దుంగకి పదహారు వారాలు. చాలామంది చిన్న కొమ్మతో వచ్చిన అనుభవాన్ని పెద్ద దుంగకి అన్వయించి దెబ్బతింటారు. నీళ్ళు కర్రలోకి పీచు వెంబడి త్వరగా పోతాయి, అడ్డంగా నెమ్మదిగా పోతాయి. కోసిన చివర్లు తెరిచి ఉన్న కర్ర అందుకే త్వరగా నానుతుంది.

నానబెట్టే తొట్టి కొత్త సిమెంటుదైతే వద్దు, సున్నం ఊరుతుంది. పాతదో, ప్లాస్టిక్ టబ్బో చాలు. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు తప్పకుండా మార్చాలి. ఉప్పు కోసం మాత్రమే కాదు. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా పట్టేది వారం పదిరోజులే. కదలని తొట్టి నీళ్ళంటే దానికి ఇష్టం. పైన పాత చీర కట్టి ఉంచు. పారబోసిన నీళ్ళు, ఉప్పు లేనివైతే, మొక్కలకి పొయ్యొచ్చు.

ఇప్పుడు మరిగించడం. ఇది ఎందుకంటే పురుగులు చావడానికి అంటారు అందరూ. నిజమే, కీటకాల గుడ్లు, బూజు, నత్తల గుడ్లు, చాలా రకాల బాక్టీరియా మరిగే నీళ్ళలో బతకవు. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. వేడికి కర్ర లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి వస్తుంది. లోపలి తేమ ఆవిరై మిగిలిన గాలిని కూడా తోసేస్తుంది. గ్రాము నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. పొయ్యి ఆపాక ఆ ఆవిరి మళ్ళీ నీళ్ళుగా మారుతుంది, లోపల ఖాళీ ఏర్పడుతుంది, బయటి వాతావరణ పీడనం నీళ్ళని ఆ ఖాళీలోకి నెడుతుంది. ఇది జరగాలంటే కర్ర ఆ సమయంలో నీళ్ళ కిందే ఉండాలి. అందుకే మరిగాక వెంటనే బయటికి తీసి ఆరబెట్టకు. అలా చేస్తే కర్ర నీళ్ళకి బదులు మళ్ళీ గాలినే పీల్చుకుంటుంది. చేసిన పనంతా వృథా. పైన బరువు పెట్టి, అదే గిన్నెలో చల్లారేదాకా వదిలెయ్యి. రాత్రి మరిగించి పొద్దున్న తియ్యడం అన్నిటికన్నా మేలు.

పెరట్లో కట్టెలపొయ్యి మీద పాత డేక్సా పెట్టి గంటో రెండు గంటలో మరిగించు, నీళ్ళు మార్చి మళ్ళీ ఇంకోసారి. వంటగిన్నె వాడకు, రంగు పడుతుంది. కుక్కర్ అసలు వద్దు. బెరడు ముక్క ఆవిరి గొట్టానికి అడ్డం పడితే ప్రమాదం. రోజంతా మరిగించాల్సిన పనీ లేదు. అతిగా ఉడికితే కర్ర పైపొర మెత్తబడి తర్వాత త్వరగా కుళ్ళుతుంది. డేక్సాలో పట్టనంత పెద్దదైతే మరుగుతున్న నీళ్ళు పైన పోసి, మిగతా పని నానబెట్టడానికి వదిలెయ్యాలి. ఇది నాన్నతో కలిసి చెయ్యాల్సిన పని. నువ్వొక్కదానివే పొయ్యి దగ్గరికి పోకు.

ఇంతా చేశాక మునుగుతుందా? మునిగి తీరుతుంది, ఎప్పుడు అన్నదే ప్రశ్న. కర్ర అంటే సన్నటి గొట్టాల కట్ట. ఆ గొట్టాల గోడల సాంద్రత ఏ చెట్టుకైనా ఒకటే, ఘన సెంటీమీటరుకి సుమారు 1.5 గ్రాములు. నీటికంటే ఎక్కువ. లీటరు పరిమాణం ఉన్న ఎండు టేకుముక్క 600 గ్రాములు తూగిందనుకో. ఆ 600 గ్రాముల గోడలు ఆక్రమించేది 400 మిల్లీలీటర్లే. మిగతా 600 మిల్లీలీటర్లు ఖాళీ. ఆ ఖాళీ అంతా నీళ్ళతో నిండితే ముక్క బరువు 1,200 గ్రాములవుతుంది. అంతే పరిమాణంలో నీళ్ళ బరువు 1,000 గ్రాములే కదా. ఇంక తేలే దారి లేదు. అన్నిటికన్నా తేలికైన బాల్సా కర్రకి కూడా ఇదే లెక్క. కొన్ని దుంగలు నెలలు నానినా మొండికేసి తేలతాయి. చేవ దేలిన కర్రలో చెట్టే తన గొట్టాల్ని బుడగల్లాంటి ఎదుగుదలలతో మూసేస్తుంది. అందుకే చేవ త్వరగా నీళ్ళు తాగదు. సహనం కావాలి, లేదా రాయి కావాలి.

రాయి ఎంత బరువుండాలో ఊహించక్కర్లేదు. నిండు బకెట్లో వేరుని పూర్తిగా అదిమిపెట్టి, పొర్లిన నీళ్ళు కొలువు. ఒకటిన్నర లీటర్లు పొర్లాయి, వేరు బరువు 1.2 కిలోలు అనుకుందాం. అది తొలగించిన నీళ్ళ బరువు 1.5 కిలోలు. తేడా 300 గ్రాములు, అదే పైకి తోసే బలం. నల్లరాయి నీళ్ళలో ఉన్నప్పుడు కిలోకి సుమారు 620 గ్రాములే తూగుతుంది. కాబట్టి అరకిలోకి కాస్త పైన బరువున్న నల్లరాయి కడితే వేరు అడుగున కూర్చుంటుంది. నల్లరాయి అని ఎందుకంటున్నానంటే, మన ఇళ్ళ చుట్టూ సులువుగా దొరికేది నాపరాయి. తాండూరుదైనా, బేతంచర్లదైనా అది సున్నపురాయి. కొద్దికొద్దిగా కరుగుతూ నీళ్ళని గట్టిపరుస్తుంది. కట్టడానికి నైలాన్ దారం వాడు. ఇనుప మేకు మాత్రం కొట్టకు. అది ఎందుకో చెప్పాలంటే అసలు కథలోకి వెళ్ళాలి.

మరిగించిన నీళ్ళు గోధుమరంగుకి వస్తాయి. ఆ రంగు చాలామటుకు ట్యానిన్లది, ఇంకా కర్ర మెల్లగా కరిగితే వచ్చే అలాంటి పదార్థాలది. నువ్వు పొద్దున్నే చూసే టీ డికాషన్ రంగు ఎలా దిగుతుందో ఇదీ అలాగే దిగుతుంది, అందులోనూ ఆ జాతి పదార్థాలే ఉన్నాయి. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడుపండు తిన్నా నాలుక పిడచగట్టుకుపోతుంది కదా, ఆ వగరు ట్యానిన్లదే. అవి లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని ముద్దగా చేస్తాయి, నోటికి జారుడు పోతుంది. చెట్టు వీటిని తయారుచేసుకునేది తనని తినే జీవుల నుంచీ బూజుల నుంచీ కాపాడుకోవడానికి. మన పూర్వులు ఇదే గుణాన్ని తోలు పనికి వాడుకున్నారు. తంగేడు చెక్క రసంలో ఊరిన తోలులోని ప్రోటీన్లు ట్యానిన్లతో ముడిపడి ఇక కుళ్ళవు.

ట్యానిన్‌కి ఇనుము తగిలితే నల్లగా మారుతుంది. పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ కలంకారీ నలుపు ఇలాగే పుడుతుంది. గుడ్డని ముందు కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుముని బెల్లం నీళ్ళలో వారాల తరబడి పులియబెట్టి, ఆ నీళ్ళతో గీత గీస్తారు. గీసిన చోట కరక్కాయలోని ట్యానిన్, నీళ్ళలోని ఇనుము కలిసి నల్లటి గీత తేలుతుంది, ఉతికినా పోదు. ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకోవద్దని డాక్టర్లు చెప్పేదీ ఇందుకే. టీలోని ట్యానిన్ ఇనుముని పట్టేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. వేరుకి ఇనుప మేకు కొడితే దాని చుట్టూ కర్ర నల్లబడేదీ, మేకు తుప్పుపట్టి వదులయ్యేదీ అదే కారణంతో.

దీంతో నువ్వు ఓ పరీక్ష చేసుకోవచ్చు. చేలో ఆకులు ఇనుము చాలక పాలిపోతే రైతులు పిచికారీ చేసే అన్నభేది ఉంటుంది, ఎరువుల కొట్లో దొరుకుతుంది. వేరు నానిన నీళ్ళు ఓ గాజుగ్లాసులో తీసుకుని చిటికెడు అన్నభేది వేసి కలిపి, కాసేపు గాలి తగలనివ్వు. నీలంతో కూడిన నలుపు వస్తే ట్యానిన్లు ఇంకా బాగా దిగుతున్నాయి. ఒక్కో వారానికి ఆ నలుపు పలచబడుతూ పోతుంది. ఉప్పుకి మీటరు, ట్యానిన్‌కి అన్నభేది. టిడిఎస్ మీటరు విద్యుత్తుని మోసే లవణాల్నే పసిగడుతుంది, ట్యానిన్‌ని దాదాపు లెక్కలోకి తీసుకోదు. అన్నభేదికి ఉప్పు సంగతి తెలియదు. పురుగుమందుకి, గన్నేరు విషానికి మాత్రం ఇంట్లో చేసుకునే పరీక్ష లేదు, అందుకే మొదటే ఆ రెండు ప్రశ్నలు అడగమన్నాను. పరీక్ష గ్లాసులోనే సుమా, తొట్టిలో అన్నభేది వెయ్యకు. చేతులు కడుక్కో.

మరి ఆ గోధుమరంగు చేపలకి చెడ్డదా? అమెజాన్‌లో కలిసే రియో నెగ్రో అనే మహానది నీళ్ళు ఆ రంగులోనే ఉంటాయి, లోతున నల్లగా కనిపిస్తాయి. అడవిలో రాలిన ఆకులూ కర్రా ఊరి ఊరి ఆ రంగు వచ్చింది. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర ఆ నల్లనీళ్ళూ, సోలిమోయెస్ నది మట్టినీళ్ళూ కొన్ని కిలోమీటర్ల దూరం కలవకుండా పక్కపక్కనే పారతాయి. ఎర్రటి నీలం చారల కార్డినల్ టెట్రా సొంత ఊరు ఆ నల్లనీళ్ళే. పరిణామ సిద్ధాంతం డార్విన్‌తో పాటు విడిగా కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ వాలెస్ ఆ నది మీద తిరిగి చేపల బొమ్మలు గీశాడు. 1852 ఆగస్టులో ఇంటికి తిరిగి వస్తుంటే నడిసముద్రంలో ఓడ తగలబడింది. వెంట తెస్తున్న సేకరణ దాదాపు అంతా బుగ్గిపాలైంది. చిన్న పడవల్లో పదిరోజులు కొట్టుకుని బయటపడ్డ ఆయన చేతిలో మిగిలిన కొద్దిపాటి వస్తువుల్లో ఆ నది చేపల బొమ్మలున్నాయి. ఆ నీళ్ళలో అన్ని రకాల చేపలు బతుకుతుంటే, మన తొట్టిలో రంగు చూసి భయపడడం ఎందుకు?

కానీ అందరి చేపలూ ఆ నది చేపలు కావు, అదీ గుర్తుంచుకో. ట్యానిన్లు కొద్దిగా ఆమ్లాలు. రియో నెగ్రో నీళ్ళ పిహెచ్ 4, 5 మధ్యన ఉంటుంది. అక్కడి నీళ్ళలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కొద్ది ఆమ్లానికే అంత దిగింది. మన బోరునీళ్ళలో బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి, అవి ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తాయి. రంగు మారుతుంది గానీ పిహెచ్ పెద్దగా కదలదు. ఫిల్టరు నుంచి వచ్చిన ఆర్వో నీళ్ళతోనే తొట్టి నింపి పెద్ద మొద్దు పెడితే మాత్రం పిహెచ్ జారిపోవచ్చు. టెట్రాలు, ఫైటర్ చేపలు కొంచెం ఆమ్లపు నీళ్ళు ఇష్టపడతాయి. మాలీలకి, గప్పీలకి గట్టినీళ్ళే హాయి. ఫైటర్ చేపలు పెంచేవాళ్ళు కావాలనే ఎండిన నాటుబాదం ఆకు తొట్టిలో వేసి నీళ్ళకి రంగు తెప్పిస్తారు. ఈ నాటుబాదం, కరక్కాయ చెట్లు దగ్గర చుట్టాలు, రెండూ ట్యానిన్ల గనులే. అది సర్వరోగ నివారిణి అని అమ్ముతుంటారు, నమ్మకు. రంగు నచ్చకపోతే వారానికి పావువంతు నీళ్ళు మార్చు, లేదా ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పొట్లం పెట్టు. గ్రాము కార్బన్ లోపలి సూక్ష్మరంధ్రాల ఉపరితలం అంతా పరిస్తే 500 చదరపు మీటర్లకు పైనే. ట్యానిన్లు దానికి అంటుకుపోతాయి.

తొట్టిలో పెట్టిన కొద్దిరోజులకి వేరు మీద తెల్లటి జిగురు పొర కడుతుంది. ఇదీ జనాన్ని భయపెట్టేదే. కర్రలో మిగిలిన చక్కెరల్ని తినడానికి చేరిన బూజూ బాక్టీరియానే అది. చేపలకి హాని చెయ్యదు, తిండి అయిపోగానే కొన్ని వారాల్లో పోతుంది. నత్తలూ చిన్న రొయ్యలూ ఇష్టంగా తింటాయి. మందులు పొయ్యకు. మరీ చూడలేకపోతే పాత టూత్‌బ్రష్‌తో గీకెయ్యి. దుకాణంవాళ్ళు దీనికోసం సక్కర్ చేపని అంటగడతారు. కర్రనీ అద్దాన్నీ నోటితో గీరుతుంది నిజమే, కానీ అది మూరెడు పెరుగుతుంది. పట్టక జనం చెరువుల్లో వదిలేశారు. ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో దాని ముళ్ళకి వలలు చిరుగుతున్నాయి, జాలర్లు దయ్యం చేప అంటున్నారు. నీళ్ళ నమూనాలోని డిఎన్ఏ చూసి అది ఎక్కడెక్కడ చేరిందో పసిగట్టే పద్ధతిని హైదరాబాద్ సిసిఎంబి శాస్త్రవేత్తలు తయారుచేయాల్సి వచ్చింది. తొట్టిలో చేప ఏదైనా సరే, చెరువులో వదలకు.

మామూలుగా తెల్లపొర వాసన రాదు. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే మాత్రం ఆలోచించకుండా కర్ర బయటికి తియ్యి. గాలి ఆడని లోపలి భాగంలో కుళ్ళు పుట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తోందన్నమాట. అది కొద్దిగా ఉన్నా చేపలకి ప్రమాదం. ఏడాదికోసారి వేలితో నొక్కి చూడు, మెత్తగా దిగబడిన చోటు ఉంటే చాకుతో చెక్కెయ్యి. గట్టి చింతవేరు ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

వేరు కింద కొంచెం సందు ఉండేలా నిలబెట్టు, చేపలు దూరిపోతాయి, నీళ్ళూ కదులుతాయి. దాని గరుకు ఒంటి మీద జావా ఫెర్న్ దారంతో కడితే అదే వేళ్ళు పట్టుకుంటుంది. చేపలు విసర్జించే అమ్మోనియాని నైట్రేటుగా మార్చే బాక్టీరియా కూడా ఆ గరుకులోనే కాపురం పెడతాయి. అవి స్థిరపడడానికి కొన్ని వారాలు కావాలి. కాబట్టి ఈ ఆదివారం చేపల కొట్టుకి పోదామని నాన్నని పట్టుకుని లాగకు. ఇవాళ వేరుని టబ్బులో నానెయ్యి, చీర కట్టు, మీటరు అంకె పుస్తకంలో రాసుకో. చేపలు ఆఖరున కొందాం.